అరోరా కోసం నోవా సూచనలు: ఏ పేజీని ఎంతవరకు నమ్మాలి

ధ్రువాల దగ్గర రాత్రి ఆకాశంలో ఆడే రంగుల వెలుగు అరోరా. దాన్ని చూడాలని అలాస్కాలోని ఫెయిర్‌బ్యాంక్స్‌కో నార్వేలోని ట్రోమ్సోకో టికెట్ కొన్నవాళ్లు ఫోన్‌లో వేసుకునే యాప్‌లు చాలావరకు ఒకే చోటి నుంచి సమాచారం తెచ్చుకుంటాయి. అమెరికా ప్రభుత్వ సంస్థ నోవా కింద, కొలరాడోలోని బౌల్డర్‌లో పనిచేసే అంతరిక్ష వాతావరణ సూచన కేంద్రం ఆ చోటు. అక్కడి పేజీలు ఎవరైనా ఉచితంగా చూడవచ్చు. ఖాతా అక్కర్లేదు. యాప్‌కు డబ్బు కట్టేముందు ఈ మూలాన్నే చదవడం నేర్చుకోవడం మంచిది కాబట్టి, ఈ సమీక్ష యాప్‌ల జోలికి పెద్దగా పోకుండా నేరుగా ఆ కేంద్రం ఇచ్చే సూచనల గురించే.

తీర్పు ముందే చెప్పేస్తాం. రాబోయే గంట సంగతి చెప్పడంలో ఈ సేవ చాలా గొప్పది. రాబోయే మూడు రోజుల గురించి చెప్పేది పనికొస్తుంది గానీ, దాన్ని చూసి హోటల్ రద్దు చేసుకోకూడదు. మబ్బుల గురించి మాత్రం ఒక్క ముక్క కూడా చెప్పదు. అరోరా వలయం (ధ్రువం చుట్టూ అరోరా ఎక్కువగా వచ్చే పట్టీ) కిందికి వెళ్లి కూడా ఏమీ చూడకుండా తిరిగి రావడానికి మొదటి కారణం మబ్బే. అంటే ఈ సేవ ఒక్కటే పట్టుకుని బయల్దేరితే సగం సమాచారంతో బయల్దేరినట్టు.

30 నిమిషాల పటం

అందరూ మొదట తెరిచేది ఈ పటాన్నే. భూమి తలపై పచ్చటి వలయం, అక్కడక్కడ పసుపు, ఎరుపు. దీని వెనుక ఉన్న నమూనా పేరు ఓవేషన్. భూమికి సుమారు 15 లక్షల కిలోమీటర్ల దూరంలో, సూర్యుడి వైపు, ఎల్‌1 అనే బిందువు దగ్గర తిరిగే ఉపగ్రహాలు సౌరపవనం (సూర్యుడి నుంచి నిరంతరం వీచే విద్యుదావేశ కణాల ప్రవాహం) వేగాన్ని, సాంద్రతను, అందులోని అయస్కాంత క్షేత్రాన్ని కొలిచి పంపుతాయి. 1997లో వెళ్లిన ఏస్, 2015లో వెళ్లిన డిస్కవర్ చాలా ఏళ్లు ఈ పని చేశాయి. మన శ్రీహరికోట నుంచి 2023 సెప్టెంబర్ 2న బయల్దేరిన ఆదిత్య-ఎల్‌1 కూడా 2024 జనవరి 6న అదే బిందువు చుట్టూ ఉన్న కక్ష్యకు చేరింది. అయితే అది ప్రధానంగా సూర్యుణ్ణి పరిశోధించడానికి వెళ్లిన నౌక.

ఆ కొలతలు తీసుకున్న సౌరపవనం భూమికి చేరడానికి ఎంతసేపు పడుతుందో అంతే మనకు దొరికే ముందస్తు సమయం. వేగం సెకనుకు 400 కిలోమీటర్లయితే గంట కంటే కాస్త ఎక్కువ. 800 అయితే అరగంటే. పేరులో 30 నిమిషాలు అని ఉన్నా, నిజానికి అది 30 నుంచి 90 నిమిషాల మధ్య మారుతూ ఉంటుంది. పటం మీద రెండు సమయాలు ఉంటాయి: కొలత తీసుకున్న సమయం, సూచన వర్తించే సమయం. చూడాల్సింది రెండోది.

ఈ పటాన్ని తప్పుగా చదవడం చాలా సులువు. అన్నిటికంటే ఎక్కువగా జరిగే పొరపాటు రంగులది. పటంలో ఎరుపు ఉంటే ఆకాశంలో ఎర్ర అరోరా వస్తుందని కాదు. అక్కడ అరోరా ఉండే అవకాశం ఎక్కువని మాత్రమే. ఆకాశంలో కనిపించే రంగులకు లెక్క వేరు. సుమారు 100 నుంచి 150 కిలోమీటర్ల ఎత్తున ఆక్సిజన్ ఇచ్చే ఆకుపచ్చ (557.7 నానోమీటర్లు), 200 కిలోమీటర్లకు పైన అదే ఆక్సిజన్ ఇచ్చే ఎరుపు (630 నానోమీటర్లు), అడుగు అంచున నైట్రోజన్ ఇచ్చే ఊదా, గులాబీ ఛాయలు. వీటిలో ఏది వస్తుందో ఈ పటం చెప్పదు.

రెండో పొరపాటు శాతాలది. పటం చెప్పే అవకాశం ఆ చోట సరిగ్గా నెత్తి మీద అరోరా ఉండడానికి. కానీ నెత్తి మీద లేకపోయినా అంచున కనిపిస్తుంది. ఎత్తులో ఉన్న కాంతి కాబట్టి, వలయానికి దక్షిణంగా 1000 కిలోమీటర్ల దూరంలో ఉన్నవాళ్లకు కూడా ఉత్తర దిగంతం మీద కనిపించవచ్చు. ఫోన్ యాప్ "మీ ప్రాంతంలో 6 శాతం" అని చూపిస్తే చాలామంది పడుకుంటారు. ఆ యాప్ చేస్తున్నది ఓవేషన్ ఇచ్చే పట్టికలో, ఒక్కో డిగ్రీ అక్షాంశానికి, రేఖాంశానికి ఒక అంకె చొప్పున ఉన్నదాన్ని మీ జీపీఎస్‌కు దగ్గరగా ఉన్న గడి నుంచి తీసి చూపించడం. మీకు ఉత్తరంగా నాలుగైదు డిగ్రీల అవతల ఎంత ఉందో చూడాలి. అక్కడ బలంగా ఉండి, మీ ఉత్తర దిక్కు చీకటిగా, అడ్డు లేకుండా ఉంటే బయటికి వెళ్లాల్సిందే.

మూడోది రుతువుకు సంబంధించినది. జూన్‌లో కూడా అలాస్కా మీద ఈ వలయం ఎర్రగా వెలుగుతుంది. అరోరా నిజంగానే అక్కడ ఉంటుంది. ఆకాశం మాత్రం చీకటి పడదు. పటంలో వెలుతురు, చీకటి విడదీసి చూపిస్తారు గానీ, చిన్న ఫోన్ తెర మీద దాన్ని గమనించడం కష్టం.

పటంతో పాటు ఇచ్చే హెమిస్ఫెరిక్ పవర్ అనే అంకె మాకు చాలా నచ్చింది. అర్ధగోళం మొత్తంలో అరోరాగా దిగుతున్న శక్తి ఎంతో గిగావాట్లలో చెబుతుంది. 20 లోపు ఉంటే చూడ్డానికి పెద్దగా ఏమీ ఉండదు. 20 నుంచి 50 మధ్య ఉంటే వలయానికి దగ్గరగా ఉండాలి. 50 దాటితే కదలిక, రంగులు బాగుంటాయి. 100 దాటితే అది పెద్ద తుఫాను. భూమి అయస్కాంత క్షేత్రం ఎంత కలతపడిందో చెప్పే కేపీ అంకె కంటే ఇది తాజాగా మారుతుంది, అర్థం చేసుకోవడానికీ సులువు.

ఓవేషన్‌కు ఉన్న అసలు లోపం దాని పుట్టుకలోనే ఉంది. అది పాత ఉపగ్రహాలు ఏళ్ల తరబడి కూడబెట్టిన కొలతల సగటుల మీద నిలబడిన నమూనా. అందుకే పటంలో వలయం నున్నగా, నెమ్మదిగా మారుతూ కనిపిస్తుంది. ఆకాశం అలా ప్రవర్తించదు. గంటసేపు సన్నటి చాపం కదలకుండా ఉండి, ఒక్కసారిగా ఆకాశమంతా విరజిమ్మి, పది ఇరవై నిమిషాల్లో చల్లబడుతుంది. దీన్ని సబ్‌స్టార్మ్ అంటారు. భూమి వెనుక వైపు సాగిన అయస్కాంత తోకలో పోగుపడిన శక్తి విడుదలయ్యే క్షణం అది. ఆ క్షణాన్ని ఈ పటం పట్టుకోలేదు. పటం చప్పగా ఉందని లోపలికి వెళ్లిపోయిన పావుగంటలో అసలైనది జరిగిపోవచ్చు.

సౌరపవనం గ్రాఫులు: ఈ సేవకు ప్రాణం ఇక్కడుంది

కొత్తవాళ్లు తెరవని పేజీ ఇది. మొత్తం సేవలో మేము ఎక్కువ మార్కులు వేసేది దీనికే. నాలుగైదు గీతలు కలగాపులగంగా ఉన్నట్టు అనిపిస్తుంది గానీ, చూడాల్సినవి మూడే.

మొదటిది బీజెడ్, అంటే సౌరపవనంలోని అయస్కాంత క్షేత్రం ఉత్తర-దక్షిణ దిశలో ఎటు ఒరిగి ఉందో చెప్పే గీత. నోవా గ్రాఫులో ఎరుపు రంగులో ఉంటుంది. సున్నాకు పైన ఉంటే భూమి అయస్కాంత కవచం తలుపు వేసి ఉన్నట్టే. సున్నాకు కింద ఉంటే ఆ క్షేత్రం భూమి క్షేత్రంతో ముడిపడి శక్తి లోపలికి వస్తుంది. ఫెయిర్‌బ్యాంక్స్, ట్రోమ్సో లాంటి చోట్ల మైనస్ 3 నుంచి 5 నానోటెస్లాల (అయస్కాంత క్షేత్ర బలానికి కొలమానం) దగ్గర అరగంట నిలిచినా మంచి ప్రదర్శన రావచ్చు. మైనస్ 10 దగ్గర గంటపాటు నిలిస్తే మరీ దక్షిణాన ఉన్నవాళ్లు కూడా లేచి కూర్చోవాలి. ఇక్కడ నిలవడమే ముఖ్యం. ఒక్క నిమిషం మైనస్ 12కు దూకి మళ్లీ పైకి వచ్చే గీతను చూసి కారు తీయకండి.

రెండోది బీటీ, ఆ క్షేత్రం మొత్తం బలం. బీజెడ్ ఎంత లోతుకు వెళ్లగలదో దాని హద్దు ఇది. బీటీ 4 ఉంటే బీజెడ్ మైనస్ 10కి వెళ్లదు. బీటీ 20 ఉండి బీజెడ్ పైన ఉందంటే ఓపిక పట్టాలి. అది ఎప్పుడైనా బోర్లా పడొచ్చు. మూడోది వేగం, సెకనుకు కిలోమీటర్లలో. 300 నుంచి 400 మామూలు, 500 దాటితే బాగుంది, 700 అయితే అరుదైన రాత్రి. సాంద్రత కొద్దిగా సాయం చేస్తుంది, కానీ అది ఒక్కటే ఎక్కువైతే ఉపయోగం లేదు.

ఇందులో తప్పు ఎక్కడ జరుగుతుందో కూడా తెలుసుకోవాలి. సూర్యుడి నుంచి అధిక శక్తి ప్రోటాన్లు వెల్లువెత్తిన వేళల్లో ఉపగ్రహంలో సౌరపవన కణాలను కొలిచే ప్లాస్మా పరికరం తడబడుతుంది. వేగం, సాంద్రత గీతలు అర్థం లేని అంకెలు చూపిస్తాయి, లేదా ఖాళీలు వస్తాయి. అప్పుడు ఓవేషన్ పటం కూడా నమ్మదగినది కాదు, ఎందుకంటే దాని తిండి ఆ అంకెలే. అలాంటప్పుడు బీజెడ్‌ను, నేల మీది అయస్కాంత కొలత పరికరాలైన మాగ్నెటోమీటర్లను చూసుకోవాలి. ఉపగ్రహంలో అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే పరికరం ప్రోటాన్లకు అంతగా లొంగదు.

మూడు రోజుల కేపీ పట్టిక

రోజుకు రెండుసార్లు, యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) ప్రకారం 00:30కీ 12:30కీ, ఈ పట్టిక విడుదలవుతుంది. రోజును ఎనిమిది భాగాలు చేసి ఒక్కో మూడు గంటలకు ఒక కేపీ అంచనా ఇస్తారు. కేపీ 0 నుంచి 9 వరకు ఉంటుంది. 5కు చేరితే తుఫానుగా లెక్కించి జీ1 నుంచి జీ5 వరకు పేరు పెడతారు. కేపీ 5 జీ1, కేపీ 9 జీ5.

ఇక్కడ ఎక్కువమందిని తిప్పలు పెట్టేది సమయం. పట్టిక అంతా యూటీసీలో ఉంటుంది. చలికాలంలో ఫెయిర్‌బ్యాంక్స్ యూటీసీకి 9 గంటలు వెనుక. 06-09 అన్న వరుస అక్కడ రాత్రి 9 నుంచి 12. 09-12 అన్నది అర్ధరాత్రి నుంచి 3. మార్చి రెండో ఆదివారం గడియారం మారాక 8 గంటలే వెనుక. ఇంకా ముఖ్యమైనది తేదీ. అలాస్కాలో మార్చి 10 రాత్రి కోసం చూడాల్సింది పట్టికలో మార్చి 11 గడి. దీన్ని గమనించక ముందు రోజు గడి చదివేవాళ్లు చాలామంది ఉంటారు. నార్వేలో శీతాకాలం యూటీసీకి గంట ముందు, కాబట్టి అక్కడ 18-21, 21-00 వరుసలు చాలు, తేదీ కూడా అదే. ఐస్‌లాండ్‌లో ఏడాదంతా యూటీసీయే, లెక్కలతో పని లేదు.

ఇక ఆ అంకె ఎంత పనికొస్తుందన్నది మీరు నిలబడ్డ చోటును బట్టి ఉంటుంది. కేపీ అంటే ప్రపంచమంతా చెదిరి ఉన్న 13 అబ్జర్వేటరీల సగటు, అది కూడా మూడు గంటల సగటు. ఆ అబ్జర్వేటరీలు చాలావరకు మధ్య అక్షాంశాల్లో ఉన్నాయి. అరోరా వలయం కింద ఉన్న ఫెయిర్‌బ్యాంక్స్‌లో ఈ పది నిమిషాల్లో ఏం జరుగుతుందో అది చెప్పలేదు. నోవా ఇచ్చే లెక్క ప్రకారం కేపీ 0 ఉన్నప్పుడు అరోరా 66.5 డిగ్రీల అయస్కాంత అక్షాంశం (భూమి అయస్కాంత ధ్రువాన్ని బట్టి లెక్కించే అక్షాంశం) దాకా దిగుతుంది, ఆపై ఒక్కో అంకెకు సుమారు 2 డిగ్రీల చొప్పున దక్షిణానికి జరుగుతుంది. కేపీ 9కి 48 డిగ్రీలు. ఫెయిర్‌బ్యాంక్స్, అబిస్కో, ట్రోమ్సో మూడూ 65, 67 మధ్యే ఉన్నాయి కాబట్టి అక్కడ కేపీ 1, 2 కూడా చాలు. "ఈ రాత్రి కేపీ 2 మాత్రమే" అని అక్కడ టూర్ రద్దు చేసుకోవడం అనవసరమైన నష్టం.

సియాటిల్, మినియాపొలిస్, షికాగో, బోస్టన్‌లలో ఉన్న తెలుగువాళ్లకు మాత్రం కేపీయే అసలు సంగతి. అక్కడ 6, 7 లేకుండా ఆశ పెట్టుకోనక్కర్లేదు. అయినా యూరప్‌తో పోలిస్తే వాళ్లు అదృష్టవంతులు. అయస్కాంత ధ్రువం ఉత్తర అమెరికా వైపు ఒరిగి ఉండడం వల్ల ఒకే భౌగోళిక అక్షాంశంలో ఉన్నా మినియాపొలిస్‌కు అరోరా వచ్చినంత తేలిగ్గా ఇటలీలోని వెనిస్‌కు రాదు. కెనడాలోని యెల్లోనైఫ్ 62 డిగ్రీల ఉత్తరంలోనే ఉన్నా, అయస్కాంత లెక్కలో ట్రోమ్సో కంటే పైనే ఉంది.

అలా వలయానికి దూరంగా, దక్షిణాన ఉన్నవాళ్ల కోసమే నోవా మరో పేజీ పెట్టింది: ఈ రాత్రి, రేపు రాత్రి అరోరా ఎంత దక్షిణం దాకా కనిపించవచ్చో గీత గీసి చూపే వ్యూలైన్ పటం. ఆ గీత మీద ఉన్నవాళ్లకు అరోరా కనిపిస్తే ఉత్తర దిగంతాన్ని అంటుకుని, తక్కువ ఎత్తులోనే కనిపిస్తుంది. తలెత్తి చూస్తే ఏమీ ఉండదు. ఉత్తరాన నగరం వెలుతురు లేని చోటు వెతుక్కోవాలి. షికాగోలో ఉన్నవాళ్లు ఊరి ఉత్తర శివార్లు దాటి వెళ్లి, నగరం వెలుతురు వీపు వెనుక ఉండేలా చూసుకోవాలి. ఇది ఇంకా ప్రయోగదశ అని నోవా పేజీలోనే రాసి ఉంటుంది.

ఈ పట్టిక ఎందుకు తప్పుతుందో అర్థం చేసుకుంటే దాని మీద కోపం రాదు. తుఫానులు రెండు దారుల్లో వస్తాయి. సూర్యుడి బయటి పొర అయిన కరోనాలోని రంధ్రాల నుంచి వచ్చే వేగవంతమైన గాలి సూర్యుడితో పాటు తిరుగుతూ సుమారు 27 రోజులకొకసారి మళ్లీ వస్తుంది. దీన్ని బాగానే ఊహించగలరు. 27 రోజుల అంచనా పేజీకి కూడా ఆధారం ఇదే. సెలవు పెట్టే వారం ఎంచుకోవడానికి అది కాస్త సాయపడుతుంది, అంతకు మించి కాదు. రెండో రకం సీఎంఈ, అంటే సూర్యుడి నుంచి విడివడి వచ్చే ప్లాస్మా మేఘం. అది ఎప్పుడు చేరుతుందో నమూనాలు చెప్పే సమయంలో సగటున 10 గంటలు అటూ ఇటూ అవుతుంది. చేరినా, దానిలోని బీజెడ్ ఎటు ఉందో ఎల్‌1 దాకా వచ్చేవరకు ఎవరికీ తెలియదు. జీ3 అన్న హెచ్చరిక కాస్తా కేపీ 4తో ముగియడం, ఏ హెచ్చరికా లేని రాత్రి ఆకాశం మండిపోవడం రెండూ ఇందువల్లే. పట్టికతో పాటు వచ్చే వివరణ పేజీ చదివితే ఫోర్‌కాస్టర్‌కు ఎంత నమ్మకం ఉందో పదాల్లోనే తెలుస్తుంది. మేఘం నేరుగా వస్తోందా, పక్క నుంచి రాసుకుపోతోందా అన్నది అక్కడ రాస్తారు. పట్టిక కంటే ఆ రెండు పేరాలే విలువైనవి.

పెద్ద తుఫాను వస్తే ఎంత దూరం వెళ్తుందో 2024 మే 10, 11 తేదీల్లో తెలిసింది. 2003 అక్టోబర్ తర్వాత మొదటి జీ5 అది. లద్దాఖ్‌లోని హాన్లే అబ్జర్వేటరీ కెమెరాలు ఆ రాత్రి ఉత్తర దిక్కున ఎర్రటి కాంతిని పట్టుకున్నాయి. అంత దూరానికి కనిపించేది చాలా ఎత్తున పుట్టే ఎరుపు మాత్రమే, ఆకుపచ్చ కాంతి భూమి వంపు కిందే ఉండిపోతుంది. హైదరాబాద్, విశాఖల నుంచి అరోరా చూడగలమని ఎవరైనా పోస్టు పెడితే నమ్మనక్కర్లేదు.

ఈ సేవలో లేనివి, వేరే చోట తెచ్చుకోవాల్సినవి

మబ్బు కోసం ఏ దేశానికి వెళ్తే ఆ దేశపు వాతావరణ శాఖే మేలు. ఐస్‌లాండ్ వాతావరణ శాఖ అరోరా పేజీ మేము చూసినవాటిలో బాగా చేసినది. అరోరా అంచనా పక్కనే మబ్బుల పటం ఉంటుంది, కింది, మధ్య, పై పొరలు విడివిడిగా చూడవచ్చు. అందులో తెలుపు అంటే నిర్మలమైన ఆకాశం, ఆకుపచ్చ అంటే మబ్బు. తొందరలో దీన్ని తిరగేసి చదివి మబ్బుల్లోకే కారు నడిపే ప్రమాదం ఉంది, జాగ్రత్త. పొరల విడదీత ఎందుకు ముఖ్యమంటే, పలచటి పై మబ్బులో నుంచి బలమైన అరోరా కనిపిస్తుంది. కింది మబ్బు దట్టంగా ఉంటే ఏదీ కనిపించదు. నార్వేలో యర్ సైటు గంటగంటకు మబ్బు అంచనా ఇస్తుంది. ట్రోమ్సో తీరం కాబట్టి మబ్బు ఎక్కువ. లోపలికి, స్కిబోట్న్ లోయ మీదుగా ఫిన్లాండ్ సరిహద్దులోని కిల్పిస్‌యార్వి వైపు వెళ్తే కొండల చాటున ఆకాశం విచ్చుకునే అవకాశం ఉంది. టూర్ బస్సులు అటు పరుగెత్తేది ఇందుకే. స్వీడన్‌లోని అబిస్కో కూడా అలాంటి వర్షచ్ఛాయ ప్రాంతమే, అంటే కొండల చాటున మబ్బు, వాన తక్కువగా ఉండే చోటు.

సబ్‌స్టార్మ్ క్షణాన్ని పట్టుకోవడానికి నేల మీది మాగ్నెటోమీటర్లు కావాలి. ట్రోమ్సో భూభౌతిక అబ్జర్వేటరీ, ఫిన్లాండ్ వాతావరణ సంస్థ గ్రాఫులు పెడతాయి. గీత నెమ్మదిగా నడుస్తూ ఒక్కసారిగా కొన్ని వందల నానోటెస్లాలు కిందికి పడితే అప్పుడే బయట ఉండాలి. బ్రిటన్‌లో ఉన్నవాళ్లకు లాంకాస్టర్ విశ్వవిద్యాలయం నడిపే అరోరావాచ్ ఉంది. 50 నానోటెస్లాలకు పసుపు, 100కు ఆంబర్, 200కు ఎరుపు హెచ్చరిక ఇస్తుంది. సరళమైనది, నిజాయితీ ఉన్నది.

అలాస్కాకు వెళ్లేవాళ్లు నోవాలోనే ఒక మూల దాగి ఉన్నదాన్ని వాడుకోవాలి. రోజువారీ భూఅయస్కాంత సమాచారం పేజీలో మూడు నిలువు వరుసలు ఉంటాయి: ఫ్రెడెరిక్స్‌బర్గ్, కాలేజ్, ప్లానెటరీ. ఇందులో కాలేజ్ అంటే ఫెయిర్‌బ్యాంక్స్‌లోనే ఉన్న అబ్జర్వేటరీ. ప్రపంచ సగటుకు 2 ఉన్న మూడు గంటల్లో అక్కడ 4, 5 కనిపించడం మామూలే. ఇది సూచన కాదు, జరిగినదాని లెక్క. కానీ గత కొన్ని రాత్రుల్లో ఏ గంటల్లో కదలిక వచ్చిందో చూసుకుంటే నిద్రను ఎలా సర్దుకోవాలో తెలుస్తుంది.

ఎక్కడ, ఎప్పుడు: ఫెయిర్‌బ్యాంక్స్ ఉదాహరణ

ఉత్తరానికి ఎంత పోతే అంత మంచిదన్నది సరికాదు. నార్వేకు చెందిన స్వాల్‌బార్డ్ దీవుల్లోని లాంగ్‌యియర్‌బైన్ 78 డిగ్రీల ఉత్తరంలో ఉంది. రాత్రి వేళ వలయం దానికి దక్షిణంగా ఉండిపోతుంది. అక్కడి ప్రత్యేకత చిమ్మచీకటి శీతాకాలంలో పగటి అరోరా, అది వేరే సంగతి. మొదటిసారి వెళ్లేవాళ్లకు వలయం కిందే ఉన్న చోటు, అందులోనూ సముద్రానికి దూరంగా, పొడిగా ఉన్న చోటు మేలు. ఆ లెక్కలో ఫెయిర్‌బ్యాంక్స్‌కు మా ఓటు. 64.8 డిగ్రీల ఉత్తరం, అలాస్కా లోపలి భాగం. అరోరా కాలం ఆగస్టు మూడో వారం నుంచి ఏప్రిల్ మూడో వారం దాకా. అమెరికాలో ఉన్నవాళ్లు క్రిస్మస్ సెలవులకే ఎగబడతారు గానీ, ఫిబ్రవరి చివర, మార్చి మేలు. ఆకాశం ఎక్కువగా తెరిపిగా ఉంటుంది, చలి డిసెంబర్ అంత కఠినంగా ఉండదు. పైగా విషువత్తులకు (పగలు, రాత్రి సమానంగా ఉండే రోజులకు) దగ్గరి వారాల్లో భూమి వాలు వల్ల సౌరపవనంలోని క్షేత్రం దక్షిణానికి ఒరిగే అవకాశం పెరుగుతుంది. 1973లో రసెల్, మెక్‌ఫెరాన్ వివరించిన కారణం ఇది. సెప్టెంబర్‌కూ ఇదే వర్తిస్తుంది. ట్రోమ్సోలో మే 20 నుంచి జులై 22 దాకా సూర్యుడు అస్తమించడు కాబట్టి వేసవి ప్యాకేజీలో అరోరా అని రాసి ఉంటే కొనకండి.

మార్చి మధ్యలో ఒక రాత్రికి ఈ సేవను ఇలా వాడితే సరిపోతుంది. పగలు నోవా వివరణ పేజీ చదివి, ఫెయిర్‌బ్యాంక్స్ వాతావరణ కార్యాలయం ఇచ్చే ఆకాశపు మబ్బు అంచనా చూసుకోండి. సాయంత్రం ఉపగ్రహ ఇన్‌ఫ్రారెడ్ చిత్రంలో మబ్బు ఎటు కదులుతోందో చూడండి. విమానయాన శాఖ కెమెరాలు అలాస్కా అంతటా ఉన్నాయి, వెలుతురు ఉన్నంతసేపు అవి చాలా ఉపయోగం. ఆ నెలలో 10 గంటలైతే గానీ సరిగా చీకటి పడదు. అప్పటి నుంచి బీజెడ్ గీత. అది కిందికి దిగి పావుగంట నిలిస్తే బయల్దేరండి, ఎందుకంటే దాని ప్రభావం చేరేసరికి మీరు కొండ మీద ఉండాలి. ఊరి ఈశాన్యాన క్లియరీ సమ్మిట్, వాయవ్యాన మర్ఫీ డోమ్ వెళ్తారు. కొండలు ఎక్కడానికి వెలుతురు ఒక్కటే కారణం కాదు. గాలి కదలని చలి రాత్రుల్లో చల్లగాలి లోయలో పేరుకుపోయి, మరీ చల్లబడితే ఊళ్లో మంచు పొగ కమ్ముతుంది. పైన మాత్రం ఆకాశం తేటగా, చలి కొన్ని డిగ్రీలు తక్కువగా ఉంటుంది. ఇది ఏ అరోరా యాప్ చెప్పదు.

ఎక్కువ అవకాశం ఉన్న వేళ రాత్రి 11 నుంచి 3. ఉత్తరాన బూడిద రంగు చార కనిపించి మబ్బో అరోరానో తేలకపోతే ఫోన్‌ను నైట్ మోడ్‌లో 3 సెకన్లు కదలకుండా పట్టండి. ఆకుపచ్చగా వస్తే అరోరా. బలహీనమైన అరోరాలో మన కంటికి రంగు సరిగా తెలియదు, కెమెరాకు తెలుస్తుంది. ఫోన్‌ను కోటు లోపలి జేబులో ఉంచండి, మైనస్ 20లో బ్యాటరీ నిలవదు. అద్దె కారుకు ఇంజిన్ హీటర్ ప్లగ్ ఉంటే రాత్రి తిరిగొచ్చాక పెట్టడం మరిచిపోవద్దు. పౌర్ణమి వెన్నెల బలమైన అరోరాను చెరపదు గానీ, సన్నటి చాపాలను మింగేస్తుంది. కనీసం మూడు నాలుగు రాత్రులు చేతిలో ఉండేలా ప్లాన్ చేసుకోండి. మబ్బుకు ఒకటి రెండు రాత్రులు పోవడం మామూలే.

బయటికి వెళ్లలేనివాళ్లు ఊరికి ఉత్తరంగా ఉన్న పోకర్ ఫ్లాట్ కేంద్రంలోని అలాస్కా విశ్వవిద్యాలయం ఆకాశమంతటినీ ఒకే చిత్రంలో చూపే ఆల్-స్కై కెమెరాను చూడవచ్చు. యూరప్‌లో అయితే స్వీడన్‌లోని కిరునా అంతరిక్ష భౌతిక సంస్థ కెమెరా నిమిషానికో చిత్రం ఇస్తుంది.

హెచ్చరికలు, యాప్‌లు

నోవా ఈమెయిల్ హెచ్చరికలు ఉచితం, కానీ అన్నీ టిక్ పెడితే పెట్టె నిండిపోయి అసలైనది కనిపించదు. అమెరికా ఉత్తర రాష్ట్రాల్లో ఉన్నవాళ్లు కేపీ 6 వార్నింగ్, సడెన్ ఇంపల్స్ వార్నింగ్ రెండూ పెట్టుకుంటే చాలు. రెండోది ప్లాస్మా మేఘం ముందంచు ఎల్‌1 దాటిందని, ఇంతసేపట్లో భూమిని తాకుతుందని చెబుతుంది. వాచ్ అంటే రావచ్చు, వార్నింగ్ అంటే రాబోతోంది, అలర్ట్ అంటే వచ్చేసింది. ఈ మూడింటికి తేడా తెలియక వాచ్‌ను చూసి అర్ధరాత్రి దాకా పొలాల్లో నిలబడేవాళ్లు ఉన్నారు. ఫెయిర్‌బ్యాంక్స్‌లో ఉన్నవాళ్లకు కేపీ హెచ్చరికలతో పనే లేదు, బీజెడ్ చాలు.

డబ్బు తీసుకునే యాప్‌లలో రెండు సౌకర్యాలకు మాత్రం విలువ ఉంది: బీజెడ్ మనం పెట్టిన హద్దు దాటితే ఫోన్ మోగించడం, నోవా పటం మీద మబ్బును కలిపి చూపించడం. ఇవి రెండూ లేకుండా కేపీ అంకెను అందంగా చూపించే యాప్‌కు ఒక్క రూపాయి కూడా దండగ.